పిల్లల డర్ట్ బైక్ ట్యాపెట్ మాటిమాటికీ పోతోందా? స్క్రూ తిప్పే ముందు ఇవి చూడండి

మా అరిజోనాలో పిల్లలు శనివారం టేబుల్ మీసా రోడ్డు దుమ్ములో బండి తిప్పుకొస్తారు. వచ్చే శనివారానికి ఎన్ని కిక్కులు కొట్టినా అది పలకదు. షాపువాడు ట్యాపెట్ సెట్ చేసి ఇస్తాడు, నాలుగు రైడ్లు తిరక్కుండా మళ్ళీ అదే వరస. గంట లేబరే వంద డాలర్లు దాటే ఊళ్ళో ఈ తిరుగుడు ఎందుకు వదినా? ట్యాపెట్ సెట్టింగ్ అంటే వాల్వు గ్యాప్ సర్దడమే, అది ఒకసారి మారితే సర్దుకుంటే సరి. పదే పదే మారుతోందంటే కారణం ఇంకెక్కడో ఉంది, అది పట్టుకునేదాకా స్క్రూ తిప్పడం దండగ. ఈ చిట్కాలు ఎక్కువగా హోండా సీఆర్‌ఎఫ్50ఎఫ్ మీద చేసి చూసినవి. స్క్రూ, లాక్ నట్ ఉండే యమహా టీటీ-ఆర్110, కవాసాకీ కేఎల్‌ఎక్స్110 లాంటి బుల్లి బళ్ళకూ పనికొస్తాయి. కొలతల అంకెలు మాత్రం మీ బండి మాన్యువల్లోవే తీసుకోండి.

కొలిచే ముందు

1. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే కొలవండి, 35 డిగ్రీల సెల్సియస్ లోపు ఉండాలని హోండా లెక్క. ఎండాకాలం మా గ్యారేజీయే మధ్యాహ్నానికి అంతకన్నా కాగిపోతుంది కాబట్టి ఈ పని తెల్లవారుజామున పెట్టుకోండి, కొలత తప్పదు.

2. సీఆర్‌ఎఫ్50ఎఫ్‌కి ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండు వాల్వులకూ గ్యాప్ 0.05 మిల్లీమీటర్లే, అంటే ఓ సన్నటి తలవెంట్రుక మందం. ఇంత సన్నటి కొలతలో కంటి అంచనా, చేతి వాటం పనికిరావు, గేజ్ పెట్టాల్సిందే.

3. అటూ ఇటూ 0.02 వరకు తేడా మాన్యువల్ ఒప్పుకుంటుంది. 0.03 నుంచి 0.07 మధ్య వస్తే స్క్రూ ముట్టుకోకండి, అనవసరంగా తిప్పడం వల్లే సగం తలనొప్పులు.

4. ఫీలర్ గేజ్ కొనేటప్పుడు 0.04 రేకు ఉందో లేదో ప్యాకెట్ మీద చూసుకోండి, కార్లవాళ్ళ సెట్లు చాలావాటిలో ఇంత సన్నటివి ఉండవు. కొస వంగి ఉండే రకమైతే ఇరుకు సందులో సులువుగా దూరుతుంది, పని సగం టైములో అయిపోతుంది.

5. రేకుల్ని పాత కాటన్ పంచె గుడ్డతో తుడిచి పెట్టండి, పాత నూనె పొరే కొలతను తినేస్తుంది. మడత పడిన రేకును దాచుకోకుండా పారేయండి.

6. ట్యాపెట్ మూతలు విప్పకముందే చుట్టూ ఉన్న ఇసుకను పాత టూత్‌బ్రష్‌తో రుద్ది దులపండి. ఒక్క ఇసుక రేణువు లోపల పడినా క్యామ్‌ను గీకుతుంది, అప్పుడు ఖర్చు వందల్లోకి పోతుంది.

7. విప్పిన బోల్టుల్ని పాత ఇడ్లీ రేకు గుంటల్లో వరసగా పెట్టండి. ఏది ముందు విప్పారో అది చివర బిగించుకుంటూ రావచ్చు, వెతుకులాట ఉండదు.

8. స్పార్క్ ప్లగ్ తీసేస్తే ఇంజిన్ చేత్తోనే తేలిగ్గా తిరుగుతుంది. ఆ రంధ్రం మీద శుభ్రమైన గుడ్డ కప్పి ఉంచండి, నట్టు జారి లోపల పడితే హెడ్డు విప్పాల్సి వస్తుంది.

9. ప్రతి మూత తీసే ముందు ఫోనుతో ఓ ఫోటో కొట్టండి. బిగించేటప్పుడు ఏ తీగ ఎటు పోయిందో అని తల పట్టుకునే పని ఉండదు.

గుర్తు సరిగ్గా పట్టడం

10. ఎడమ కవరు తీస్తే ఫ్లైవీల్ మీద ‘టి’ గుర్తు కనిపిస్తుంది, దాన్ని కేసు మీది గాటుకు ఎదురుగా తేవాలి. పక్కనే ఉండే ‘ఎఫ్’ గుర్తు స్పార్క్ పడే చోటు, కొలతకు దాన్ని పట్టుకోకండి.

11. ఒకసారి ‘టి’ గుర్తు దొరికాక అందులో తెల్ల నెయిల్ పాలిష్ చుక్క పెట్టండి. మరుసటిసారి టార్చి పట్టుకుని వెతికే టైము మిగులుతుంది.

12. ‘టి’ గుర్తు రెండు చుట్లలో రెండుసార్లు వస్తుంది, కొలతకు పనికొచ్చేది ఒక్కటే. ఇన్‌టేక్ రాకర్ కిందకి నొక్కి మళ్ళీ పైకి లేచాక వచ్చే ‘టి’ దగ్గర ఆపండి, అదే సరైనది.

13. ఆపాక రెండు రాకర్లనూ వేలితో కదిపి చూడండి, రెండూ కొద్దిగా టిక్కుమనాలి. రెండూ బిగుసుకుని ఉంటే తప్పు చుట్టులో ఉన్నారు, పూర్తిగా ఇంకో చుట్టు తిప్పండి.

14. ఫ్లైవీల్‌ను ఇంజిన్ నడిచే దిక్కుకే తిప్పండి, సీఆర్‌ఎఫ్50కైతే అది గడియారానికి ఎదురు దిక్కు. గుర్తు దాటిపోతే వెనక్కి రాకుండా మరో రెండు చుట్లు తిప్పండి. ఆటో డీకంప్రెషన్ ఉన్న బళ్ళలో వెనక్కి తిప్పితే ఎగ్జాస్ట్ కొలతే తప్పొస్తుంది.

15. 0.04 రేకు దూరాలి, 0.06 రేకు దూరకూడదు, అప్పుడు గ్యాప్ 0.05 ఉన్నట్టు. ‘కొంచెం పట్టినట్టుంది’ అనే చేతి లెక్క కన్నా ఈ రెండు రేకుల లెక్క నమ్మకం, ఎవరు కొలిచినా ఒకటే వస్తుంది.

16. ఒక్క కొలతతో ఆగకండి, వరసగా మూడుసార్లు ‘టి’ దగ్గరికి తెచ్చి కొలవండి. ప్రతిసారీ వేరే అంకె వస్తుంటే గ్యాప్ సంగతి తర్వాత, క్యామ్ బేరింగో రాకర్ షాఫ్టో అరిగిందేమో ముందు చూడండి.

17. స్క్రూ తిప్పకముందే వచ్చిన అంకె రాసుకోండి. ఎంత ఉందో తెలియకుండా సెట్ చేసేస్తే రోగం ఆనవాలు మనమే చెరిపేసినట్టు, తర్వాత ఎవరికి చూపించినా చెప్పలేరు.

నట్టు బిగించేటప్పుడు

18. లాక్ నట్ బిగిస్తుంటే స్క్రూ కూడా దానితోపాటు తిరిగిపోతుంది, గ్యాప్ అక్కడికక్కడే తగ్గిపోతుంది. ఒక చేత్తో స్క్రూను కదలకుండా పట్టుకుని రెండో చేత్తో నట్టు బిగించండి.

19. బిగించాక రేకు మళ్ళీ పెట్టి చూడండి, ఆ తర్వాత ఇంజిన్‌ను నాలుగు చుట్లు తిప్పి ఇంకోసారి చూడండి. ఐదు నిమిషాల పని, మూతలన్నీ మళ్ళీ విప్పే బాధ తప్పుతుంది.

20. స్క్రూ నెత్తిన చిన్న చతురస్రం ఉంటుంది, దానికి సరిపోయే చిన్న టూల్ కొనుక్కోండి. ప్లయర్‌తో పట్టి తిప్పితే అంచులు గుండ్రమైపోయి ఇక ఏ పనిముట్టూ పట్టదు.

21. నట్టును బలం కొద్దీ బిగించకండి, మాన్యువల్లో చెప్పిన టార్క్ దగ్గర ఆపండి. మర తెగిందంటే రాకర్ మొత్తం మార్చాలి.

22. నూనె తుడిచి, స్క్రూ మీదుగా నట్టు మీదకి పెయింట్ పెన్‌తో ఓ సన్నటి గీత గీయండి. వచ్చేసారి మూత తీయగానే గీత తెగి కనిపిస్తే నట్టే వదులైందని తెలిసిపోతుంది, వేరే కారణాలు వెతకక్కర్లేదు.

23. అదే నట్టు మళ్ళీ వదులైతే స్క్రూ, నట్టు రెండూ కలిపి మార్చండి. కొన్ని డాలర్ల సామాను, గంటల పని మిగులుస్తుంది.

24. స్క్రూ కింది కొసను టార్చి వేసి చూడండి. అక్కడ గుంట పడితే రేకు ఆ గుంట అంచుల మీద ఆగిపోయి తక్కువ చూపిస్తుంది, అసలు గ్యాప్ ఎక్కువే ఉంటుంది. సెట్ చేసినా చప్పుడు పోవట్లేదంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

25. ఎగ్జాస్ట్ వాల్వును ఒప్పుకున్న హద్దులోనే కాస్త ఎక్కువ వైపు, 0.06 దగ్గర పెట్టండి. వేడెక్కినా బిగుసుకుపోదు, మళ్ళీ సెట్ చేసేదాకా ఎక్కువ రోజులు వస్తుంది.

26. ట్యాపెట్ మూతల రబ్బరు రింగులకు ఓ చుక్క ఇంజిన్ ఆయిల్ రాసి బిగించండి. చిట్లిన రింగును అలాగే పెడితే నూనె కారుతుంది, కారిన చోట దుమ్ము అతుక్కుంటుంది.

గ్యాప్ ఎటు పోతోంది?

27. బండికో చిన్న నోటుబుక్కు పెట్టి తేదీ, నడిచిన గంటలు, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్, ఎంతకు సెట్ చేశారు అని ఐదు గళ్ళు గీయండి. నాలుగు వరసలు నిండేసరికి కారణం మీకే కనిపిస్తుంది.

28. ఈ బుల్లి బళ్ళకు మీటరుండదు కాబట్టి ప్లగ్ తీగకు చుట్టే అవర్ మీటర్ ఒకటి కొనండి. ‘ఈమధ్యే సెట్ చేశాం కదా’ అనే గొడవ ఉండదు, గంటలే చెబుతాయి.

29. గ్యాప్ తగ్గుతూ వస్తోందంటే వాల్వు, దాని సీటు అరిగి వాల్వు పైకి జరుగుతోందని అర్థం. ఇలాంటప్పుడు దుమ్ము, వేడి, సీటు పని, ఈ మూడింటిలోనే వెతకండి.

30. గ్యాప్ పెరుగుతూ వస్తోందంటే ముందు లాక్ నట్, తర్వాత స్క్రూ కొస, ఆ తర్వాత రాకర్, క్యామ్ చూడండి. చవకైన దాంతో మొదలుపెడితే చాలాసార్లు ఖరీదైన దాని దాకా పోనక్కర్లేదు.

31. ఇన్‌టేక్ ఒక్కటే తగ్గుతోందా, ఎయిర్ ఫిల్టర్ దారి పట్టండి. లోపలికి పోతున్న సన్నటి ఇసుక ఆ వాల్వునే ముందు తినేస్తుంది.

32. ఎగ్జాస్ట్ ఒక్కటే తగ్గుతోందా, వేడి దారి పట్టండి. పెట్రోలు తక్కువగా అందడం, గాలి లీకు, నిలబెట్టి ఇంజిన్ నడపడం, వీటిలో ఏదో ఒకటి దొరుకుతుంది.

33. కొత్త బండికీ, కొత్త వాల్వులు వేసిన బండికీ మొదట్లో గ్యాప్ కొంచెం కదలడం మామూలే. మొదటి చెకింగ్ త్వరగా చేయించి సర్దుకుంటే తర్వాత నిలబడుతుంది, దానికి కంగారుపడి హెడ్డు విప్పించకండి.

34. ఒకసారి కంటే ఇంకోసారికి తక్కువ గంటల్లోనే గ్యాప్ మూసుకుపోతుంటే స్క్రూ తిప్పడం ఆపేయండి. వాల్వో సీటో పని అయిపోయింది, ఇక ప్రతి సెట్టింగూ దుబారాయే.

35. టిక్ టిక్ మంటున్న ఇంజిన్ కన్నా, చప్పుడు లేకుండా స్టార్ట్ కావడానికి మొరాయించేదాన్ని చూసి భయపడండి. గ్యాప్ ఎక్కువైతే చప్పుడుతో చెబుతుంది, తక్కువైతే నోరెత్తకుండా వాల్వు కాల్చేస్తుంది.

36. కిక్ పెడల్‌ను చేత్తో నెమ్మదిగా నొక్కి చూడండి. ఎదురు నొక్కకుండా మెత్తగా దిగిపోతుంటే వాల్వు పూర్తిగా మూసుకోవట్లేదేమో, ముందు గ్యాప్ కొలవండి. కార్బ్యురేటర్ విప్పే పని మిగలొచ్చు.

37. పొద్దున్నే చోక్ వేసినా పలకట్లేదంటే బిగుసుకున్న వాల్వు లక్షణం కావొచ్చు. కొత్త ప్లగ్గుకు డబ్బులు పెట్టే ముందు పది డాలర్ల గేజ్ వాడండి.

38. చప్పుడు ఎక్కడిదో తెలియకపోతే చెక్క గరిటె కాడ చెవికి ఆనించి, రెండో కొసను ట్యాపెట్ మూత మీద పెట్టి వినండి. మెకానిక్ చెవికి పట్టేది ఇంట్లోనే పట్టేయొచ్చు. గరిటె, జడ, చున్నీ మాత్రం తిరిగే భాగాలకు దూరంగా ఉంచండి.

39. గ్యాప్ సరిగ్గానే ఉండి చప్పుడు వస్తుంటే టైమింగ్ చైన్ వదులైందేమో, సైలెన్సర్ పైపు గ్యాస్కెట్ కొట్టిందేమో చూడండి. ఈ రెండూ ట్యాపెట్ చప్పుడులాగే వినిపించి అనవసరంగా స్క్రూ తిప్పిస్తాయి.

దుమ్ము కట్టడి

40. రైడ్ నుంచి రాగానే ఫిల్టర్ తీసి, దాని వెనక గొట్టం లోపల తెల్ల గుడ్డతో ఒకసారి తుడవండి. గుడ్డకు మట్టి అంటితే మీ ట్యాపెట్ జబ్బు అక్కడే ఉంది.

41. స్పాంజి ఫిల్టర్‌ను గోరువెచ్చటి నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు ద్రవంతో ఉతకండి, పెట్రోలుతో కాదు. స్పాంజి అతుకులు విడిపోవు, ఇంట్లో నిప్పు భయమూ ఉండదు.

42. నీళ్ళు పోవడానికి రెండు అరచేతుల మధ్య నొక్కండి, మెలిపెట్టి పిండకండి. మెలిపెడితే కంటికి కనిపించని చిరుగు పడుతుంది, దుమ్ముకు అదే దారి.

43. నీడన పూర్తిగా ఆరాక జిప్ కవర్లో ఫిల్టర్ వేసి, ఫోమ్ ఫిల్టర్ ఆయిల్ పోసి, కవరు మీద నుంచే పిసకండి. నూనె అంతటా సమానంగా పడుతుంది, తక్కువ పడుతుంది, చేతులకు జిడ్డంటదు.

44. ఇంకో ఫిల్టర్ కొని నూనె పట్టించి అదే కవర్లో సిద్ధంగా ఉంచండి. పిల్లాడు తొందరపెట్టినా దుమ్ము పట్టిన ఫిల్టర్‌తో బండి పంపే అవసరం రాదు.

45. ఫిల్టర్ అంచుకు, అది ఆనే చోటుకు సన్నగా గ్రీజు రాయండి. దుమ్ము పక్క సందుల్లోంచే ఎక్కువ దూరుతుంది, ఈ ఒక్క పనితో ఇన్‌టేక్ గ్యాప్ నిలబడటం నేను చూశాను.

46. ఫిల్టర్ బాక్సుకూ కార్బ్యురేటర్‌కూ మధ్య రబ్బరు గొట్టాన్ని వంచి చూడండి, పగుళ్ళు మడతల్లోనే దాక్కుంటాయి. క్లిప్పు వదులుగా ఉంటే ఫిల్టర్ ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదు.

47. ముందు బండి లేపే దుమ్ములో వెనక బండిని నడవనివ్వకండి, దుమ్ము సర్దుకునేంత దూరం ఉంచమనండి. పిల్లల ఊపిరితిత్తులకూ మంచిది, వాల్వుకూ మంచిది.

48. బండి కడిగేటప్పుడు గాలి పోయే దారికి కిరాణా కవరు చుట్టి రబ్బరు బ్యాండ్ వేయండి. ప్రెషర్ వాషర్ నీళ్ళు ఫిల్టర్ బాక్సులోకి కొట్టకండి, తడి ఇసుక పొడి ఇసుక కన్నా మొండిది.

వేడి కట్టడి

49. కబుర్లు చెప్పుకునేటప్పుడు బండి ఆఫ్ చేయించండి. గాలి తగిలితేనే చల్లబడే ఇంజిన్ ఇది, నిలబెట్టి నడిపితే ఎగ్జాస్ట్ వాల్వు కాగిపోతుంది.

50. సిలిండర్ రెక్కల మధ్య మట్టిని టూత్‌బ్రష్‌తో తీసేయండి. పైసా ఖర్చు లేదు, వేడి తేలిగ్గా బయటికి పోతుంది.

51. కార్బ్యురేటర్ బండిని ఫ్లాగ్‌స్టాఫ్ లాంటి చోట కొంటే అందులో ఏ జెట్ ఉందో అడగండి. అక్కడి 7,000 అడుగుల ఎత్తుకు చిన్న జెట్ వేసి ఉంటే, ఫీనిక్స్ 1,100 అడుగులకు దిగేసరికి పెట్రోలు చాలక ఇంజిన్ కాగుతుంది. 2019 నుంచి వచ్చే సీఆర్‌ఎఫ్110ఎఫ్, 125ఎఫ్‌లకు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది కాబట్టి ఈ బెడద లేదు.

52. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఇన్‌టేక్ రబ్బరు అతుకు మీద సబ్బు నీళ్ళు చిన్నగా స్ప్రే చేయండి. ఇంజిన్ శ్రుతి మారితే గాలి అక్కడ లీకవుతోంది. వేడి సైలెన్సర్ మీద మాత్రం పడనివ్వకండి.

53. సైలెన్సర్ పైపు హెడ్డుకు తగిలే చోట నల్లటి మసి చార కనిపిస్తే ఆ గ్యాస్కెట్ మార్చండి. థ్రాటిల్ వదిలినప్పుడు టపటపమని పేలుతోందంటే కూడా ముందు చూడాల్సింది ఇదే.

54. ప్లగ్ కొస లేత గోధుమ రంగులో ఉంటే సరే, తెల్లగా సున్నం కొట్టినట్టుంటే పెట్రోలు చాలట్లేదు. ట్యాపెట్ కొలిచినప్పుడల్లా ప్లగ్ ఎలాగూ తీస్తారు కాబట్టి ఇది ఊరికే వచ్చే పరీక్ష.

55. బుల్లి ఇంజిన్‌లో పట్టే నూనే కొంచెం, అది త్వరగా మురికవుతుంది, కాబట్టి వాయిదా వేయకుండా మార్చండి. నూనె తగ్గితే క్యామ్, రాకర్ అరిగి గ్యాప్ పెరుగుతుంది, సీసా నూనె ధర వాటి ధర ముందు ఎంత?

56. డబ్బా మీద ‘జాసో ఎంఏ’ అని ఉన్న మోటార్‌సైకిల్ ఆయిలే పోయండి. కారులో మిగిలిందని పోసేస్తే క్లచ్ జారడం మొదలవ్వొచ్చు, ఇంకో రిపేరు నెత్తిన పడుతుంది.

57. సీఆర్‌ఎఫ్50ఎఫ్ థ్రాటిల్ దగ్గర ఎంతవరకు తిరగాలో ఆపే స్క్రూ ఉంటుంది, చిన్నపిల్లలకు అది బిగించి ఇవ్వండి. పిల్లాడికి భద్రం, వాల్వు పదే పదే సీటును గట్టిగా కొట్టుకోవడమూ తగ్గుతుంది.

హెడ్డు విప్పాల్సి వస్తే

58. విప్పే ముందు లీక్‌డౌన్ టెస్టర్‌తో గాలి పంపి ఎక్కడ బుస్సుమంటోందో వినండి. కార్బ్యురేటర్ వైపు వస్తే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్‌లో వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, నూనె పోసే మూత దగ్గర వస్తే పిస్టన్ రింగులు. గాలి పంపేటప్పుడు ఇంజిన్ హఠాత్తుగా తిరగొచ్చు, ఫ్లైవీల్ మీద స్పానర్ వదిలేయకండి.

59. కంప్రెషన్ టెస్టర్ కొనకండి, ఆటో పార్ట్స్ షాపుల్లో డిపాజిట్ తీసుకుని అరువిస్తారు, తిరిగిచ్చాక డబ్బులు వాపసు. ఈ బళ్ళ ప్లగ్గు సన్నం, 10 మిల్లీమీటర్ల అడాప్టర్ ఉందో లేదో అడిగి తెచ్చుకోండి.

60. బండి మొత్తం షాపుకు ఇవ్వకుండా హెడ్డు మీరే విప్పి, అది ఒక్కటే మెషిన్ షాపుకు పట్టుకెళ్ళండి. విప్పే బిగించే లేబర్ మిగులుతుంది, బిల్లులో పెద్ద ముక్క అదే.

61. విప్పకముందు ఫ్లైవీల్ ‘టి’ గుర్తు మీద పెట్టి, క్యామ్ చక్రం మీది సున్నా గుర్తు హెడ్డు గాటుకు ఎదురుగా ఉందా చూసి ఫోటో తీయండి. టైమింగ్ చైన్‌ను తీగతో పైకి కట్టేస్తే లోపలికి జారదు.

62. కొత్త వాల్వు వేస్తే సీటు కూడా దానికి తగ్గట్టు కట్ చేయించండి. పాత అరిగిన సీటు మీద కొత్త వాల్వు కూర్చోబెట్టి పంపడమే ట్యాపెట్ మళ్ళీ మళ్ళీ పోవడానికి పెద్ద కారణం, షాపువాణ్ణి ఈ మాట ముందే అడగండి.

63. సీటు కన్నా ముందు వాల్వు గైడ్ చూడమనండి. గైడ్ వదులైతే వాల్వు ఊగుతూ కొత్త సీటునూ పాడు చేస్తుంది, పెట్టిన డబ్బు ఒక్క సీజన్‌లో పోతుంది.

64. వాల్వులు మార్చినప్పుడు స్ప్రింగులు కూడా మార్చేయండి, ధర తక్కువ. హెడ్డు ఒకసారే విప్పుతారు, రెండో లేబర్ ఉండదు.

65. పేరు లేని చవక వాల్వుల జోలికి పోకండి, మీ బండి పార్ట్ నంబర్ చూసి కంపెనీదే తెప్పించండి. అదే చైనా పిట్ బైక్ అయితే సీటు పని ఖర్చు, కొత్త హెడ్డు ధర రెండూ అడిగి చూడండి, ఒక్కోసారి హెడ్డే చవక.

66. స్క్రూకు బదులు షిమ్ బిళ్ళలు ఉండే రేసింగ్ బండైతే, తీసిన బిళ్ళల్ని పాత పోపుల పెట్టె గిన్నెల్లో ఏ వాల్వుది ఆ గిన్నెలో వేసి చీటీ పెట్టండి. అటుదిటు కలిసిపోతే మళ్ళీ మొదటి నుంచి కొలవాలి.

67. టైటానియం వాల్వులున్న బండికి రుబ్బుడు పేస్టుతో రుద్దనివ్వకండి, పైపూత పోతే గ్యాప్ మరీ త్వరగా మూసుకుపోతుంది. అలాంటి వాల్వు ఒకసారి వేగంగా తగ్గడం మొదలైతే బిళ్ళలు మార్చే డబ్బుతో కొత్త వాల్వు వేయించండి.

68. పాత బండి కొనడానికి వెళ్ళినప్పుడు ముందు ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. మీరొచ్చేసరికే వేడిగా ఉంటే చల్లటి ఇంజిన్ ఎలా స్టార్ట్ అవుతుందో దాస్తున్నారేమో, చల్లారాక కిక్ కొట్టి చూశాకే బేరం మాట్లాడండి.

69. లీక్‌డౌన్ టెస్టర్, చతురస్రం టూల్ లాంటివి ఇంటికొకటి కొనే కన్నా నాలుగిళ్ళ వాళ్ళు కలిసి ఒక సెట్ కొనుక్కోండి. ఏడాదికి ఒకటి రెండుసార్లే అవసరపడతాయి. ఒక తల్లి నేర్చుకున్నది పక్కింటి తల్లికి నేర్పడానికి అదో వంక.